నొప్పి నిజమైతే సైకాలజిస్ట్ దగ్గరికి ఎందుకు?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 43 ఏళ్లు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. నాలుగేళ్లుగా నడుం నొప్పి. ఎమ్మారై తీసి డిస్క్ కొంచెం ఉబ్బింది, ఆపరేషన్ అక్కర్లేదు అన్నారు. పెళ్లిళ్ల సీజన్‌లో, బోనాల ముందు రోజుకి ఆరేడు గంటలు మెషీన్ మీద కూర్చుంటాను. తర్వాత మూడు రోజులు మంచం దిగలేను. ఈమధ్య డాక్టర్ గారు డ్యులోక్సెటిన్ మాత్ర రాసి, సైకాలజిస్ట్‌ని కలవమన్నారు. మందుల షాపు అబ్బాయి అది డిప్రెషన్ మందు అన్నాడు. మా ఆడపడుచు "ఎర్రగడ్డ మెంటల్ ఆసుపత్రికి పంపిస్తున్నారా వదినా?" అని నవ్వింది. పని ఎగ్గొట్టడానికే ఈ నొప్పి అని అత్తగారు మొదట్నుంచీ అంటూనే ఉన్నారు. ఆ రాత్రంతా ఏడ్చాను. నాది నటన అని డాక్టర్ కూడా అనుకుంటున్నారా?
– ఒక సోదరి, మూసాపేట

జవాబు: అమ్మా, మీ నొప్పి నిజం. డాక్టర్ గారు మిమ్మల్ని అనుమానించి పంపలేదు.

ఆరేళ్ల క్రితం స్కూటీ మీంచి పడి నాకు మెడ నొప్పి పట్టుకుంది. ఏడాది దాటినా వదల్లేదు. "మీ తోటి సైకాలజిస్ట్‌తో ఒకసారి మాట్లాడండి" అని ఎముకల డాక్టర్ అంటే, రోజూ ఇదే పని చేసే నాకే కళ్లనీళ్లు తిరిగాయి. నన్ను అబద్ధాలకోరు అన్నట్టే అనిపించింది. అందుకే మీరు ఏడ్చిన రాత్రి నాకు అర్థమైంది.

ఆర్డర్ ఇచ్చేయాలన్న తొందరలో సూది వేలిలో దిగి, గుడ్డ మీద రక్తపు చుక్క చూశాక గానీ తెలియని రోజు మీకు ఉండే ఉంటుంది. అదే సూది, నిద్ర లేని రోజున గుచ్చుకుంటే ప్రాణం విలవిల్లాడుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని వివరించారు. నొప్పి కబురు మెదడుకి చేరేముందు వెన్నుపాములో గేటు లాంటిది ఒకటి ఉంటుందనీ, మెదడు దాన్ని తెరవగలదు, మూయగలదు అనీ అన్నారు. వివరాలు తర్వాత కొన్ని మారాయి గానీ అసలు విషయం నిలిచింది. భయం, నిద్రలేమి, ఇంట్లో మాటలు, "ఇక మంచాన పడతానేమో" అన్న ఆలోచన, ఇవన్నీ ఆ గేటుని బార్లా తెరుస్తాయి. సైకాలజిస్ట్ పని అక్కడే.

డిస్క్ ఉబ్బిందన్న మాట పట్టుకుని బెంబేలు పడకండి. నడుం నొప్పే లేని 40 ఏళ్ల వాళ్లలో కూడా దాదాపు సగం మందికి స్కాన్‌లో అది కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. అయితే కాళ్లలో పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మాత్ర గురించి: డ్యులోక్సెటిన్ డిప్రెషన్‌కీ వాడతారు, నొప్పికీ వాడతారు. మెదడు నుంచి కిందికి వచ్చి నొప్పిని అణిచే నరాలకి అది బలం ఇస్తుంది. షాపులో అన్న మాటకి మానేయకండి. ఉన్నట్టుండి ఆపితే ఇబ్బంది పడతారు.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది "ఆరేడు గంటలు, తర్వాత మూడు రోజులు" అన్న మాట. చికిత్స బహుశా ఇక్కడే మొదలవుతుంది. ఒక వారం పాటు, నొప్పి పెరగకుండా మెషీన్ మీద ఎంతసేపు కూర్చోగలుగుతున్నారో కాగితం మీద రాయండి. అరగంట అని తేలిందనుకుందాం. ఇరవై నిమిషాలకే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మోగగానే లేవాలి. నొప్పి లేకపోయినా లేవాలి. చెయ్యి సగం ఎక్కించి ఉన్నా, సూదిని గుడ్డలోనే దించి ఉంచి లేవాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. కేస్ షీట్లు రాస్తూ వాక్యం మధ్యలో పెన్ను కింద పెట్టడానికి నాకు నెల పట్టింది. "ఇదొక్కటీ అయిపోతే లేద్దాం" అనిపిస్తుంది. మీ మూడు రోజులు ఆ "ఒక్కటి" దగ్గరే పోతున్నాయి. ఐదు నిమిషాలు నడిచి, నీళ్లు తాగి, మళ్లీ కూర్చోండి. హుక్స్, కాజాలు వీపుకి ఆనుడు ఉన్న కుర్చీలో కుట్టుకోండి. ఒంట్లో బాగున్న రోజున కూడా అలారం దాటకండి, ఎక్కువగా దెబ్బ తగిలేది ఆ రోజే. వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ పోవచ్చు. ఆర్డర్ ఒప్పుకునేటప్పుడే రెండు రోజులు ఎక్కువ గడువు అడగండి.

ఇది కాక శ్వాస, నిద్ర, భయపెట్టే ఆలోచనల మీద పని ఉంటుంది. మామూలుగా వారానికొకసారి, ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. నొప్పి మాయమవుతుందని నేను చెప్పను. 75 అధ్యయనాలు, 9 వేలకు పైగా మందితో 2020లో వచ్చిన కాక్రేన్ (వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్షలో, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే ఇలాంటి చికిత్స వల్ల నొప్పి, బాధ, పనులకి అడ్డంకి కొద్దిగా తగ్గుతాయని తేలింది. కొద్దిగానే. కానీ మంచం మీద గడిచే మూడు రోజులు ఒక రోజుకి తగ్గితే మీ ఇంట్లో ఎంత తేడా వస్తుందో మీకే తెలుసు.

ఆర్‌సీఐలో (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదైన క్లినికల్ సైకాలజిస్ట్‌ని అడిగి వెళ్లండి. ఎర్రగడ్డలో నేను శిక్షణకి పనిచేశాను. అక్కడ ఓపీ ముందు వరసలో నిలబడేది మనలాంటి వాళ్లే, ఆడపడుచుకి ఆ మాట చెప్పండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది. తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

ఉత్తరంలో మీవారి సంగతి రాయలేదు. రెండోసారి వెళ్లేటప్పుడు ఆయన్నీ, ఆ నిమిషాల కాగితాన్నీ తీసుకెళ్లండి. సాయంత్రం ఇంటికి రాగానే "నొప్పి ఎలా ఉంది?" అని కాకుండా "ఇవాళ అలారం మోగగానే ఎన్నిసార్లు లేచావు?" అని అడగడం ఆయన నేర్చుకోవాలి.