పగడాల రంగులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: దుకాణంలో ఊదా రంగులో మెరిసిపోతున్న అక్రోపోరా పగడాన్ని తెచ్చి మా రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) పెట్టుకున్నాను. రెండు నెలలు తిరగకుండానే అది పూర్తిగా గోధుమ రంగుకు మారిపోయింది. పెరుగుదల మాత్రం ఆగలేదు, పాలిప్‌లు (పగడం మీది చిన్న పువ్వుల్లాంటి జీవులు) కూడా బాగానే విచ్చుకుంటున్నాయి. ఇది చచ్చిపోతోందా? పాత రంగు మళ్లీ వస్తుందా?

జవాబు: మీ పగడానికి ప్రాణభయమేమీ లేదు. పెరుగుతూ, పాలిప్‌లు విచ్చుకుంటూ ఉన్న పగడం గోధుమ రంగులో ఉన్నంత మాత్రాన జబ్బుపడినట్టు కాదు. సముద్రంలో ఆరోగ్యంగా ఉండే పగడాల్లో కూడా చాలా భాగం గోధుమ ఛాయల్లోనే కనిపిస్తాయి. నిజానికి ఆ గోధుమ రంగు పగడానిది కాదు. దాని కణాల్లో కాపురముండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలది. వెలుతురుతో అవి తయారుచేసుకునే ఆహారంలో పెద్ద వాటా పగడానికే దక్కుతుంది. మీరు మోజుపడి కొన్న ఊదా రంగు మాత్రం పగడం సొంతంగా తయారుచేసుకునే క్రోమోప్రోటీన్లది. పగడం వీటిని శైవలాలకు పైన ఉండే కణజాలంలో నింపుకుని, ఎండ తీవ్రతకు గొడుగు పట్టినట్టుగా వాడుకుంటుంది. వెలుతురు, ముఖ్యంగా నీలి కాంతి, బలంగా ఉన్నప్పుడు ఈ ప్రోటీన్ల ఉత్పత్తి పెరుగుతుంది. వెలుతురు చాలనప్పుడు పగడానికి వాటి అవసరం ఉండదు; పైగా దొరికిన కొద్దిపాటి కాంతినీ ఒడిసిపట్టడానికి శైవలాలు తమ వర్ణకాలను పెంచుకుంటాయి. నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ అనే పోషకాల మోతాదు మించితే శైవలాల సంఖ్య కూడా పెరిగి, ఉన్న ఊదా రంగును సైతం కప్పేస్తుంది.

కాబట్టి మొదట కొలవవలసింది వెలుతురును. ఫోన్ యాప్‌లో లైటు ఎంత శాతం మీద ఉందన్నది దీనికి పనికిరాదు. కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతిని (పార్) కొలిచే పార్ మీటరును ఎవరినైనా అడిగి తెచ్చుకుని, పగడం ఉన్న చోటనే నీటిలో ముంచి కొలవండి. అక్రోపోరాకు సాధారణంగా 250 నుంచి 350 వరకు పార్ సరిపోతుంది. మీ దగ్గర 120 మాత్రమే ఉన్నట్టు తేలితే ఒక్కరోజులో రెట్టింపు చేయకండి. గోధుమ రంగు పోతుంది గానీ, దానితో పాటు శైవలాలూ పోయి పగడం తెల్లబడుతుంది. వారానికి కొద్దికొద్దిగా పెంచుకుంటూ నెలన్నర, రెండు నెలల్లో లక్ష్యానికి చేరుకోవడం మేలు.

ఆ తరువాత నీటి పరీక్ష. నైట్రేట్ లీటరుకు 2 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉంటే చాలామంది ట్యాంకుల్లో రంగులు బాగుంటాయి. ఫాస్ఫేట్ ఎక్కువగా ఉంటే ఐరన్ ఆక్సైడ్ గుళికలు కొద్ది మోతాదులో వేసి నెమ్మదిగా దించండి. ఒక్కసారిగా దించితే పగడం కణజాలం ఊడిపోయే ప్రమాదం ఉంది. ఆల్కలినిటీ (నీటి క్షారత) దాని కొలమానమైన డీకేహెచ్‌లో 7 నుంచి 9 మధ్య ఏ అంకె దగ్గర ఉందన్నదానికన్నా, అది రోజురోజుకీ ఊగిసలాడకుండా ఉండడమే ముఖ్యం.

రంగు తిరిగి వస్తోందో లేదో తెలుసుకోవడానికి భూతద్దంతో కొమ్మల చివర్లను, వెలుతురు నేరుగా పడే పైవైపును చూడండి. క్రోమోప్రోటీన్లు కొత్తగా పెరిగే భాగాల్లో ముందుగా చేరతాయి కాబట్టి, అడుగు భాగం ఇంకా గోధుమగానే ఉన్నా కొనల్లో సన్నటి ఊదా అంచు కనిపిస్తుంది. నీడపడే అడుగువైపు ఎన్నటికీ అంత రంగు పట్టకపోవచ్చు. ఇక పగడం ఏ రంగును, ఎంత గాఢంగా చూపగలదన్నది చివరికి దాని జన్యువుల మీద ఆధారపడి ఉంటుంది. మీ పగడం ఒకసారి ఊదాగా కనిపించింది కాబట్టి ఆ విషయంలో ఆశ పెట్టుకోవచ్చు.

ప్రశ్న: ఎంతో కష్టపడి నైట్రేట్, ఫాస్ఫేట్ రెండింటినీ సున్నాకు తెచ్చాను. రంగులు ముదరవలసింది పోయి లేతగా, పాలిపోయినట్టు అయ్యాయి. కొన్ని కొమ్మల కొనలు తెల్లగా కాలినట్టు ఉన్నాయి. పొరపాటు ఎక్కడ?

జవాబు: ఆ సున్నాలోనే. శైవలాలకు నత్రజని, భాస్వరం రెండూ కావాలి. అవి పస్తులుంటే పగడమూ పస్తులుంటుంది. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ కరువైన నీటిలో పెరిగిన పగడాలు వేడికి, బలమైన కాంతికి మరింత సులభంగా తెల్లబడ్డాయి. అంటే రెండింటిలో ఫాస్ఫేట్‌ను మొత్తంగా తీసేయడం మరీ ప్రమాదం. లేత రంగులు ఫొటోల్లో అందంగా కనిపించడం వల్ల కొందరు కావాలనే ట్యాంకును ఇలా పస్తులుంచుతారు. మా దృష్టిలో అది అలంకారం కాదు, ఆకలి.

ఫాస్ఫేట్ పీల్చే గుళికలను వెంటనే తీసేయండి. చేపలకు మేత పెంచండి, ఎందుకంటే చేపల విసర్జనలోని అమ్మోనియాను పగడాలు నేరుగా వాడుకోగలవు. అయినా అంకెలు కదలకపోతే సోడియం నైట్రేట్, సోడియం ఫాస్ఫేట్ ద్రావణాలను అతి తక్కువ మోతాదులో రోజూ కలపవచ్చు. ఫాస్ఫేట్ కలిపినా మొదట్లో పరీక్షలో కనిపించకపోతే కంగారుపడకండి. రాళ్లు, ఇసుక దాన్ని తమలోకి లాక్కుంటాయి. పోషకాలు లేని నీటిలో ఆల్కలినిటీ ఎక్కువగా ఉంటే కొనలు కాలడం తరచుగా కనిపించే లక్షణం కాబట్టి, దాన్ని నెమ్మదిగా 7.5 దగ్గరకు దించండి. గోధుమ రంగు జిగురు తీగలు, వాటిలో గాలి బుడగలు కనిపిస్తే మాత్రం పోషకాల కరువులో విజృంభించే డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు కావచ్చు. వాటి సంగతి మరోసారి వివరంగా రాస్తాము.

ప్రశ్న: రాత్రి నీలి లైట్ల కింద మా ట్యాంకు పచ్చగా, నారింజగా వెలిగిపోతుంది. పగలు తెల్ల లైటు వేస్తే అంతా వెలవెలపోతుంది. అసలు రంగు ఏది?

జవాబు: రెండూ అసలైనవే, కాకపోతే అవి వేరువేరు ప్రోటీన్ల పని. కొన్ని ప్రోటీన్లు నీలి కాంతిని పీల్చుకుని ఆకుపచ్చగానో ఎర్రగానో తిరిగి వెలువరిస్తాయి. ఈ కుటుంబంలో మొదటిదైన ఆకుపచ్చ ప్రోటీన్‌ను 1962లో జెల్లీఫిష్ నుంచి వేరుచేసిన ఒసాము షిమొమురాకు, దానిపై పనిచేసిన మరో ఇద్దరితో కలిపి 2008లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రయోగశాలల్లో ఎంతో వాడకంలో ఉన్న ఎర్ర ప్రోటీన్ డీఎస్‌రెడ్ 1999లో డిస్కోసోమా అనే పుట్టగొడుగు పగడం నుంచి దొరికింది. మీ ట్యాంకులోనే అటువంటిది ఒకటి ఉండే ఉంటుంది.

ఊదా, ముదురు నీలం, గులాబీ రంగులనిచ్చే క్రోమోప్రోటీన్లు ఇలా వెలగవు. వాటి మీద తెల్లని కాంతి పడి ప్రతిఫలిస్తేనే రంగు తెలుస్తుంది కాబట్టి, ఉత్త నీలి లైటు కింద అవి నల్లగా ఉంటాయి. అందువల్ల రోజులో కనీసం కొన్ని గంటలు తెల్లని కాంతి కలిపి ట్యాంకును చూడండి. కొనేటప్పుడు కూడా తెల్ల లైటు వేయించి చూడడం మంచిది. నీలి లైటు, నారింజ ఫిల్టరు పెట్టి తీసిన ఫొటోను నమ్మి పగడాన్ని ఎంచుకోవద్దు.

ప్రశ్న: రంగుల కోసం అమ్మే సూక్ష్మ మూలకాల సీసాలు వాడవచ్చా?

జవాబు: పరీక్షించలేని దాన్ని ట్యాంకులో పోయవద్దు. ప్రయోగశాలకు నీరు పంపి, అందులోని మూలకాలను కొలిచే ఐసీపీ పరీక్ష చేయించండి. పొటాషియం లీటరుకు 400 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే దాన్ని కలపనక్కరలేదు. మామూలు ట్యాంకుకు మంచి ఉప్పుతో క్రమంగా నీరు మారిస్తే ఈ సీసాల్లో చాలావాటి అవసరమే రాదు.

ప్రశ్న: నీటిని చల్లబరిచే చిల్లర్ చెడిపోయి కొన్ని రోజులు నీరు 31 డిగ్రీలకు చేరింది. ఆ తరువాత మా పగడం అకస్మాత్తుగా గులాబీ, నీలం కలిసిన మిరుమిట్లు గొలిపే రంగుకు వచ్చింది. ఇంతకుముందెన్నడూ ఇంత అందంగా లేదు. సంతోషించవచ్చా?

జవాబు: వద్దు. వేడి వల్ల శైవలాలు వెళ్లిపోతున్నాయి. వాటి గోధుమ తెర తొలగగానే లోపలి తెల్లని అస్థిపంజరం నుంచి కాంతి ఎగసి పగడం కణజాలంలో వెలుతురు విపరీతమవుతుంది. దానికి జవాబుగా పగడం రక్షణ వర్ణకాలను గుప్పిస్తుంది. ఈ రంగుల విరంజనాన్ని (బ్లీచింగ్) 2020లో సౌతాంప్టన్ బృందమే వివరించింది. ఒక ఊరట ఏమిటంటే, వేడి దెబ్బ తీవ్రంగా కాకుండా తేలికగానో కొద్దికాలమో తగిలినప్పుడు ఇలా జరుగుతుంది, పైగా ఆ వర్ణకాల నీడలో శైవలాలు తిరిగి చేరడం తేలికవుతుంది.

నీటిని నెమ్మదిగా 25, 26 డిగ్రీలకు తీసుకురండి. లైటును మూడో వంతు తగ్గించండి, నీటి ప్రవాహాన్ని తగ్గించవద్దు, నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పోకుండా చూడండి, సన్నటి మేత వేయండి. పగడాన్ని చోటు మార్చడం, మందు నీటిలో ముంచడం ఇప్పుడు చేయకండి. వారానికోసారి ఒకే తెల్లని కాంతిలో ఫొటో తీసి పోల్చుకోండి. మిరుమిట్లు తగ్గుతూ గోధుమ ఛాయ తిరిగి వస్తుంటే కోలుకుంటున్నట్టు. పూర్తిగా కుదుటపడేదాకా కొత్త పగడాలు వేయవద్దు. చిల్లర్‌ను మాత్రం బాగుచేయించి వదిలేయకుండా, 27 డిగ్రీలు దాటగానే తనంతట తాను తిరిగే ఫ్యానును వేరే కంట్రోలర్‌తో అమర్చుకోండి.