డిగ్రీ తర్వాత: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే చోట ఆగాయి. డిగ్రీ అయింది, ఇప్పుడేం చేయాలి? కొన్ని ఉత్తరాలు ఇంకో ఆరు నెలలు ముందు వచ్చి ఉంటే జవాబు వేరేగా ఉండేది. అందుకే ఇంకా ఆఖరి సెమిస్టర్లో ఉన్నవాళ్లు కూడా ఇవి చదవాలని కోరుతున్నాం.

ప్రశ్న: బి.కాం. ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ట్యాలీ (లెక్కలు రాసే కంప్యూటర్ ప్రోగ్రాం) నేర్చుకున్నాను. ఒక ఆడిటర్ గారి ఆఫీసులో నెలకు తొమ్మిది వేలు ఇస్తామంటున్నారు. ఇంట్లో మాత్రం ఎం.బి.ఎ. చేయమంటున్నారు. ఏది మేలు? – పాఠకురాలు, కావలి

జవాబు: తొమ్మిది వేలేనా అని ఆ ఉద్యోగాన్ని తీసిపారేయకండి. చేరేముందు మాత్రం ఒక మాట అడగండి. బిల్లులు ఎంట్రీ కొట్టడం వరకేనా, పన్ను రిటర్నులు కూడా వేయనిస్తారా? ఎంట్రీల వరకే అయితే ఆరు నెలలు చాలు, అంతకు మించి నేర్చుకునేది ఉండదు. రిటర్నులు చేతికిస్తామంటే ఏడాది పాటు అక్కడే ఉండండి.

ఆడిటర్ ఆఫీసులో నెలంతా తేదీల మీద నడుస్తుంది. 7వ తేదీలోపు టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే పట్టుకున్న ఆదాయపు పన్ను) కట్టాలి. నెలనెలా రిటర్ను వేసే వ్యాపారులకు 11లోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను) పోవాలి. 14న జీఎస్టీఆర్-2బి (అమ్మినవాళ్లు చూపిన మన కొనుగోళ్ల జాబితా) వస్తుంది. 15లోపు పీఎఫ్, ఈఎస్ఐ, 20లోపు జీఎస్టీఆర్-3బి (పన్ను కట్టే రిటర్ను). కొత్తవాళ్ల పనితనం తెలిసేది 14కీ 20కీ మధ్యనే. వ్యాపారి కొన్న బిల్లులన్నీ ట్యాలీలో ఉంటాయి, 2బిలో మాత్రం కొన్ని కనిపించవు. అమ్మినవాళ్లు తమ జీఎస్టీఆర్-1 వేయకపోయి ఉండొచ్చు, బిల్లు నంబరులో ఒక అంకె అటూఇటూ అయి ఉండొచ్చు, మనవాళ్ల జీఎస్టీ నంబరు బదులు ఇంకొకరిది కొట్టి ఉండొచ్చు. ఒక్కో బిల్లూ పక్కపక్కన పెట్టుకుని చూసి, అమ్మినవాళ్లకు ఫోన్ చేసి సరిచేయించాలి. 2బిలో లేని బిల్లుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సినదాంట్లో తగ్గించుకోవడం) తీసుకుంటే ఆ తర్వాత నోటీసు, వడ్డీ తప్పవు.

మన ప్రాంతంలో ఇంకో తప్పు తరచూ పడుతుంది. ఇక్కడి దుకాణాలకు సరుకు చెన్నై నుంచి ఎక్కువగా వస్తుంది. అది వేరే రాష్ట్రం నుంచి కొన్నది కాబట్టి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై పన్ను) కింద రాయాలి. విజయవాడ బిల్లుల అలవాటులో దాన్ని రాష్ట్రంలోపలి కొనుగోలులా కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీగా సగం సగం విడగొట్టి ఎంట్రీ వేసేస్తారు. మొత్తం సరిపోతుంది గనక ట్యాలీలో తప్పు కనపడదు, రిటర్ను దగ్గరకొచ్చేసరికి లెక్క కుదరదు. ఇలాంటివి పట్టుకోగలిగిన మనిషిని ఏ రైస్ మిల్లూ, ఏ రొయ్యల కంపెనీ వదులుకోదు. జీతం పెంచమని అడిగే ధైర్యం అక్కడి నుంచే వస్తుంది.

మీకు డిగ్రీలో 55 శాతం దాటి ఉంటే సి.ఎ. (చార్టర్డ్ అకౌంటెంట్) దారి కూడా ఉంది. కామర్స్ వాళ్లు 55 శాతంతో, మిగతా డిగ్రీల వాళ్లు 60 శాతంతో మొదటి మెట్టు ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో మెట్టు సి.ఎ. ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. 2023 నుంచి అమల్లో ఉన్న కొత్త పద్ధతిలో సి.ఎ. దగ్గర శిక్షణ, అంటే ఆర్టికల్‌షిప్ రెండేళ్లే, అయితే ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ గట్టెక్కాకే మొదలవుతుంది. ఒక్కో పేపరులో 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. చాలామంది తప్పేది ఆ 50 దగ్గరే. ఒక పేపరు భయంతో మిగతావాటిని 40 వరకే చదివితే గ్రూపు పోతుంది.

ఎం.బి.ఎ. వద్దని అనం. దాని ప్రవేశ పరీక్ష ఐసెట్ 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. అర్హత మార్కు 25 శాతమే కాబట్టి ర్యాంకు రావడం కష్టం కాదు, మంచి కాలేజీ రావడమే కష్టం. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు ఆ కాలేజీలో కిందటేడు ఎం.బి.ఎ. చేసినవాళ్లను ఇద్దరినైనా వెతికి పట్టుకుని, వాళ్లకు ఏ ఉద్యోగం వచ్చిందో, ఎంత జీతమో అడగండి. వాళ్లు చెప్పిన అంకె ఆడిటర్ ఆఫీసులో రెండేళ్లకు వచ్చేదానికంటే తక్కువైతే ఆ ఫీజు దండగ. మా సలహా: ఈ ఏడాది ఉద్యోగంలో చేరండి, వచ్చే ఐసెట్‌కు సాయంత్రాలు చదవండి.

ప్రశ్న: మా పిల్లోడు బి.ఎ. అయిపోయి రెండేళ్లయింది. గ్రూప్-2 అంటా పొద్దస్తమానం పుస్తకాలు ముందరేసుకుని కూర్చోనుంటాడు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తాదో తెలీదంటాడు. తిడితే బాధపడతాడేమోనని ఊరుకుంటా ఉండా. మాకు ఆరెకరాల మాగాణి ఉంది. మేము ఓసీలం. ఏం చెయ్యమంటారు? – రైతు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: అయ్యా, తిట్టాల్సిన పనేం లేదు. అబ్బాయి చదువు వృథా కూడా కాలేదు. కాకపోతే ఒక్క పరీక్షకే కట్టుబడి ఉండిపోవడం ప్రమాదం. గ్రూప్-2 ఏటా వచ్చేది కాదు. బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షలు దాదాపు ఏటా వస్తాయి.

గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలుంటాయి. చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, వర్తమాన వ్యవహారాలు, మెంటల్ ఎబిలిటీ, ఒక్కోదానికి 30. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. ఇందులో మెంటల్ ఎబిలిటీ, వర్తమాన వ్యవహారాలు బ్యాంకు పరీక్షలకూ పనికొస్తాయి. కాబట్టి అబ్బాయి కొత్తగా ముఖ్యంగా నేర్చుకోవాల్సింది లెక్కల వేగం.

తెలుగు మీడియం పిల్లలకు మేం ముందు చెప్పేది గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంట్ పరీక్ష. ప్రిలిమ్స్‌లో రీజనింగ్ 40, లెక్కలు 40, మొత్తం 45 నిమిషాలు. ఆ దశలో ఇంగ్లీషు పేపరే లేదు, ప్రశ్నలు తెలుగులోనూ ఇస్తారు. ఇంటర్వ్యూ కూడా లేదు. 2025 మే నుంచి రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. మన రెండు జిల్లాల్లో ఇంతకుముందు ఉన్న ఆంధ్రా ప్రగతి కూడా అందులోనే కలిసింది. వయసు మాత్రం జాగ్రత్త. ఆఫీస్ అసిస్టెంట్‌కు ఓసీలకు 28 ఏళ్లే. గ్రూప్-2కి ఇంకా టైముందిలే అనుకునే లోపు బ్యాంకు వయసు దాటిపోతుంది. 45 నిమిషాల్లో 80 ప్రశ్నలంటే ప్రశ్నకు అర నిమిషం పైచిలుకు. పుస్తకం చదివితే ఆ వేగం రాదు, గడియారం పెట్టుకుని మాక్ టెస్టులు రాస్తేనే వస్తుంది. వారానికి మూడైనా రాయమనండి. రాయడానికి పట్టినంతసేపు తప్పులు చూసుకోవడానికి కూడా కూర్చోమనండి.

స్టాఫ్ సెలక్షన్ వారి సీజీఎల్ (డిగ్రీ స్థాయి పరీక్ష) ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. ఇంగ్లీషు పట్టు లేకపోతే దాని మీద ఈ ఏడాది ఆశ పెట్టుకోవద్దు.

మీ ఆరెకరాల సంగతికి వస్తాం. కేంద్ర ఉద్యోగాల్లో ఈడబ్ల్యూఎస్ (రిజర్వేషన్ లేని వర్గాల్లో ఆర్థికంగా వెనకబడినవాళ్ల) కోటాకు కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే సరిపోదు. ఐదెకరాలు, ఆపైన వ్యవసాయ భూమి ఉన్న కుటుంబానికి అది వర్తించదు. అబ్బాయి పేరున, మీ దంపతుల పేరున, 18 ఏళ్లలోపు అతని తోబుట్టువుల పేరున ఉన్నదంతా కలిపి చూస్తారు. పాస్ పుస్తకాలు ఎవరి పేరున ఉన్నాయో చూసుకుని అర్హత ఉంటేనే సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. ఆ సర్టిఫికెట్ ఏటా కొత్తది తీసుకోవాలి, పాతది చెల్లదు.

ఇది చదువుతున్న బీసీ పిల్లలకూ ఒక హెచ్చరిక. మీ దగ్గరున్న రాష్ట్ర బీసీ కుల ధ్రువపత్రం కేంద్ర ఉద్యోగాలకు చాలదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణికి చెందరనే) సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. పైగా రాష్ట్రం బీసీ జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్రం జాబితాలో లేవు. దరఖాస్తులో ఓబీసీ అని టిక్ పెట్టి, పరీక్ష గెలిచి, కాగితాల పరిశీలన రోజు ఇంటికి తిరిగొచ్చిన పిల్లలు ఉన్నారు. ముందే చూసుకోండి.

ప్రశ్న: బి.ఎస్సీ. ఆక్వాకల్చర్ ఆఖరి ఏడాది. ఎం.ఎఫ్.ఎస్సీ. (మత్స్యశాస్త్రంలో పీజీ) చేయాలని ఉంది. కుదరకపోతే రొయ్యల ల్యాబులో చేరవచ్చా? – విద్యార్థిని, సింగరాయకొండ

జవాబు: ఎం.ఎఫ్.ఎస్సీ.కి బి.ఎఫ్.ఎస్సీ. చేసి ఉండాలమ్మా. ముత్తుకూరు మత్స్య కళాశాలలో ఇచ్చేది ఆ డిగ్రీనే, అందులోకి ఇంటర్ తర్వాత చేరతారు. బి.ఎస్సీ. వాళ్లకు ఉన్నది ఎం.ఎస్సీ. దారి. ఆక్వాకల్చర్, జువాలజీ, లేదా కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో మెరైన్ బయాలజీ. వీటికి రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాయాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు కావాలనుకుంటే మాత్రం ఆఖరి ఏడాది సగంలోనే కదలాలి. వాటి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ మార్చిలోనే అయిపోతుంది. డిగ్రీ ఫలితాలు వచ్చాక చూద్దామనుకుంటే ఒక ఏడాది పోయినట్టే.

ల్యాబు పని మంచిదే, కాలేజీ ప్రాక్టికల్ లాంటిది మాత్రం కాదు. రైతు తెల్లారేసరికి నీళ్ల సీసాతో వస్తాడు. పీహెచ్, ఉప్పు శాతం, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా చూసి మధ్యాహ్నానికల్లా రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టు చూసే అతను సున్నం, మినరల్స్ ఎంత చల్లాలో తేల్చుకుంటాడు. ఎక్కువ తప్పులు పరీక్షలో కాదు, నమూనాలోనే జరుగుతాయి. సీసా సగమే నింపి, ఎండలో బండి మీద తెచ్చిన నీళ్లలో పీహెచ్ చెరువులో ఉన్నంత ఉండదు. సీసా అంచు దాకా నింపి, మూత గట్టిగా పెట్టి, నీడలో తెమ్మని రైతుకు మీరే నేర్పాలి. పీహెచ్ మీటరును రోజూ పొద్దున బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచేయకపోతే ఆ రోజు రిపోర్టులన్నీ తప్పే.

రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా చూడటానికి టీసీబీఎస్ ప్లేటు (దాన్ని పెంచే పదార్థం ఉన్న పళ్లెం) వేస్తారు. మర్నాడు పచ్చటి ప్లేటు మీద పసుపు చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు విడివిడిగా లెక్కపెట్టాలి. పసుపువి చక్కెరను పులియబెట్టేవి, ఆకుపచ్చవి పులియబెట్టనివి. ఆకుపచ్చవి పెరిగితే రైతు కంగారు పడతాడు. రెండు రోజులు ఆగి లెక్కపెడితే చుక్కలు కలిసిపోతాయి, రంగు మారిపోతుంది, ఆ అంకెకు విలువ ఉండదు. తెల్లమచ్చ, ఈహెచ్‌పీ లాంటి జబ్బులకు పీసీఆర్ (జన్యు పదార్థంతో జబ్బును పట్టే పరీక్ష) చేసే ల్యాబులో చోటు దొరికితే దాన్నే ఎంచుకోండి. పీసీఆర్ చేతికొచ్చినవాళ్లకు హేచరీల్లోనూ, ఎగుమతి ప్లాంట్లలోనూ పని ఉంటుంది.

చేరేటప్పుడు పని గంటలు, సీజన్ లేనప్పుడు జీతం ఇస్తారా లేదా, రాత్రిపూట ఇంటికి వెళ్లే బండి ఉందా, ఈ మూడూ మొహమాటం లేకుండా అడగండి.

ప్రశ్న: బి.ఎ. చేశాను. బి.ఇడి. చేస్తే ఎస్‌జీటీ (ప్రాథమిక బడి టీచరు) పోస్టు రాయొచ్చా? – పాఠకుడు, కొండపి

జవాబు: రాయలేరు. బి.ఇడి. వాళ్లు ప్రాథమిక తరగతుల టీచరు పోస్టులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఎస్‌జీటీకి డి.ఇ.ఎల్.ఇడి. (ప్రాథమిక విద్య డిప్లొమా) ఉండాలి. బి.ఇడి. చేస్తే స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు టీచరు) పోస్టు రాయవచ్చు. దానికి డిగ్రీలో చదివిన సబ్జెక్టు, బి.ఇడి. మెథడాలజీ (బోధించడానికి ఎంచుకునే సబ్జెక్టు), పోస్టు ఈ మూడూ కలవాలి. బి.ఇడి. ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో మెథడాలజీ పెట్టేముందే మీ మార్కుల మెమోలో ఏ సబ్జెక్టులున్నాయో చూసుకోండి. రెండేళ్ల కోర్సు అయ్యాక తెలిస్తే చేసేదేమీ ఉండదు. టీచర్ అర్హత పరీక్ష టెట్ ఒకసారి గట్టెక్కితే జీవితాంతం చెల్లుతుంది. అయినా మార్కు తక్కువైతే మళ్లీ రాయండి, టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది.

ప్రశ్న: మూడో సెమిస్టర్‌ది ఒక పేపరు మిగిలిపోయింది. ఐసెట్ రాయొచ్చా? – విద్యార్థి, ఒంగోలు

జవాబు: రాయొచ్చు. ఆఖరి ఏడాది విద్యార్థులకు అవకాశం ఉంది. కౌన్సెలింగ్‌లో కాగితాలు చూసేనాటికి మాత్రం పాసై ఉండాలి. కాబట్టి ఐసెట్ కంటే ఆ పేపరు మీద ముందు కూర్చోండి. రీవాల్యుయేషన్ ఫలితం కోసం ఎదురుచూస్తూ సప్లిమెంటరీ ఫీజు కట్టడం మానొద్దు, రెండూ కట్టండి. ఫలితం రాగానే ప్రొవిజనల్, అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన కన్సాలిడేటెడ్ మెమో, టీసీ ఒకేసారి తీసుకోండి. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే ఆధార్‌ను సరిచేయించండి.

ప్రశ్న: బి.సి.ఎ. పాసయ్యాను. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ 60 వేలు కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇప్పిస్తామంటోంది. ఒరిజినల్స్ కూడా ఇమ్మంటున్నారు. – పాఠకుడు, దర్శి

జవాబు: కట్టొద్దు, ఒరిజినల్స్ ఇవ్వొద్దు. దొంగ అనుభవం ఎలా బయటపడుతుందో తెలిస్తే మీకే భయం వేస్తుంది. కంపెనీలు చేర్చుకునేటప్పుడు పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబరు) అడుగుతాయి. రెండేళ్లు పనిచేశానని రాసినవాడి పాస్‌బుక్‌లో నెలనెలా జమలు కనిపించాలి. అవి లేకపోతే ఉద్యోగంలో చేరాక కూడా తీసేస్తారు, ఆ మచ్చ తర్వాతి కంపెనీకీ తెలుస్తుంది.

బి.సి.ఎ., బి.ఎస్సీ. కంప్యూటర్స్ వాళ్లను ఏ అనుభవం లేకుండానే తీసుకునే పెద్ద కంపెనీలు ఉన్నాయి. విప్రో వారి వర్క్ ఇంటిగ్రేటెడ్ లెర్నింగ్ ప్రోగ్రామ్‌లో ఉద్యోగం చేస్తూనే ఎం.టెక్. చదివిస్తారు. ఇన్నేళ్లు పనిచేస్తామని ఒప్పందం ఉంటుంది, అది చదివి సంతకం పెట్టండి. ఇలాంటివాటికి ఉత్తీర్ణులైన సంవత్సరం చూస్తారు, ఆలస్యం చేస్తే దారి మూసుకుపోతుంది. కేంద్రం వారి నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఏడాది అప్రెంటిస్‌షిప్ స్టైపెండ్‌తో దొరుకుతుంది. దానికి బి.ఎ., బి.కాం. వాళ్లూ అర్హులే. ఏడాది, అంతకు మించి ఉద్యోగం చేసినవాళ్లను మాత్రం తీసుకోరు.

ఒకవేళ ఇప్పటికే కొంత కట్టి ఉంటే ఆలోచిస్తూ కూర్చోకండి. ఆన్‌లైన్‌లో పంపిన డబ్బయితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. రసీదులు, వాట్సాప్ మెసేజీలు చెరపొద్దు. ఒరిజినల్స్ వాళ్ల దగ్గర ఉంటే తిరిగి ఇమ్మని తేదీ వేసి రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ఆ కాగితం కాపీతో పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. తర్వాత యూనివర్సిటీలో డూప్లికేట్ కోసం వెళ్లినా ఆ ఫిర్యాదు కాపీ అడుగుతారు.