చర్మ క్యాన్సర్ తీసేశాక విటమిన్ మాత్రలు: నాన్నగారికి ఇవ్వొచ్చా?

మీ నాన్నగారికి రెండుసార్లు బేసల్ సెల్ క్యాన్సర్ తీసేశారని, మళ్ళీ రాకుండా విటమిన్ మాత్రలు వేయొచ్చా అని అడిగారు. మీ టెన్షన్ అర్థమైంది.

సరిగ్గా ఇలాంటివాళ్ళ మీదే ఆస్ట్రేలియాలో ఒక ట్రయల్ చేశారు. ఫలితాలు 2015లో వచ్చాయి. అంతకుముందు ఐదేళ్ళలో కనీసం రెండుసార్లు చర్మ క్యాన్సర్ (మెలనోమా అనే ప్రమాదకరమైన రకం కానిది) వచ్చిన 386 మందిలో సగం మందికి నికోటినమైడ్ (విటమిన్ బి3లో ఒక రూపం) 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఏడాదిపాటు ఇచ్చారు. విటమిన్ వేసుకున్నవారిలో కొత్త క్యాన్సర్లు దాదాపు 23 శాతం తగ్గాయి. మాత్రలు ఆపేశాక మాత్రం ఆ లాభం నిలవలేదు.

నికోటినమైడ్ బదులు షాపులో బి3లోనే ఇంకో రూపమైన నియాసిన్ ఇస్తే తీసుకోకండి, దానితో ఒళ్ళు ఎర్రబడి మంటలు వస్తాయి. అవయవ మార్పిడి చేయించుకున్నవారిపై 2023లో వచ్చిన ట్రయల్‌లో నికోటినమైడ్ ఫలితం చూపలేదు. బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది) కూడా 1990 నాటి పెద్ద ట్రయల్‌లో పనిచేయలేదు. సెలీనియం అనే ఖనిజం మాత్రల జోలికి అసలు వెళ్ళొద్దండీ, ఒక ట్రయల్‌లో స్క్వామస్ సెల్ అనే ఇంకో రకం చర్మ క్యాన్సర్ ఇంకా పెరిగింది.

ముందు బయాప్సీ రిపోర్టు, ఇప్పుడు వాడుతున్న మందుల జాబితా చర్మ డాక్టరుకు చూపించి అడగండి. మాత్రలు మొదలుపెట్టినా చెకప్‌లు, సన్‌స్క్రీన్ మానకండి.