మాక్ అండ్ చీజ్ తిని అత్తయ్యకు కడుపుబ్బరం, మావారికి వాంతులు.. కారణం చీజేనా?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. పోయిన శనివారం బాబు పుట్టినరోజుకి స్లో కుక్కర్‌లో మాక్ అండ్ చీజ్ చేశాను. పౌండు మాకరోనీ సగం ఉడికించి, ఒక డబ్బా ఎవాపరేటెడ్ మిల్క్ (నీరు ఇగిర్చి చిక్కబరిచిన పాలు), రెండు కప్పుల పాలు, చెడ్డార్ చీజ్ వేశాను. ఎనిమిది గిన్నెల దాకా అయింది. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య (62 ఏళ్లు, బీపీ మాత్రలు వాడతారు) ఇష్టంగా రెండు గిన్నెలు తిన్నారు. రెండు గంటలకే కడుపు ఉబ్బరించి నీళ్ల విరేచనాలయ్యాయి. మిగతా ఎవరికీ ఏమీ కాలేదు. మిగిలింది రాత్రంతా కుక్కర్‌లోనే ఉండిపోయింది. మర్నాడు మావారు పొగలు వచ్చేలా వేడిచేసుకుని తిన్నారు. రెండు గంటల్లోపే వాంతులు మొదలై సాయంత్రానికి తగ్గాయి. చీజ్ పడలేదా? స్లో కుక్కర్ వంటే మంచిది కాదా?

డాక్టర్ సలహా: ఒకే వంట తిన్నా ఇద్దరికీ వచ్చిన ఇబ్బంది ఒకటి కాదమ్మా. మీ అత్తగారికి పడనివి పాలు. మీవారిని ఇబ్బంది పెట్టింది ఆ వంట రాత్రంతా బయట ఉండటం.

మనలో చాలామందికి వయసు పెరిగేకొద్దీ పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైమ్ తగ్గిపోతుంది. అలాంటివారిలో కూడా చాలామంది ఒక్కసారికి 12 గ్రాముల వరకు, అంటే కప్పు పాల దాకా తట్టుకుంటారు. మీరు పోసిన ఎవాపరేటెడ్ మిల్క్ డబ్బాలో సుమారు 35 గ్రాములు, రెండు కప్పుల పాలలో మరో 24 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. రెండు గిన్నెలతో ఆవిడకు 15 గ్రాములు అందినట్టే. నిల్వ ఉంచి తయారుచేసే చెడ్డార్‌లో లాక్టోజ్ దాదాపు ఉండదు. ఇంట్లో పెరుగన్నం తిని హాయిగా ఉండే మనిషికి ఇలా కావడం వింతేమీ కాదు, తోడులోని బ్యాక్టీరియా ఆ చక్కెరను అరిగించడానికి సాయపడుతుంది. ఈసారి లాక్టోజ్ ఫ్రీ పాలతో చేయండి. చీజ్ చివర్లో తురిమి కలపండి, గంటల తరబడి ఉడికితే విరిగి నూనె తేలుతుంది. ఉప్పు మాత్రం విడిగా వేయకండి. 28 గ్రాముల చెడ్డార్‌లోనే 180 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, బీపీ ఉన్నవారికి అది చిన్న లెక్క కాదు.

నాకు ఎక్కువ బెంగ కలిగించింది మీవారి సంగతే. స్విచ్ ఆపినా ఆ మందపాటి పింగాణీ గిన్నె గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. మనం పాలు తోడుపెట్టేది సరిగ్గా ఆ వేడిలోనే కదా! పెరుగుకు పనికొచ్చే ఆ వెచ్చదనమే చెడ్డ క్రిములకూ పనికొస్తుంది. మాకరోనీ, అన్నం లాంటి పిండిపదార్థాల్లో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. గోరువెచ్చగా ఉంటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేస్తే క్రిమి చస్తుంది గానీ, ఆ విషం 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా చెక్కుచెదరదు. తిన్న ఆరు గంటల్లోపు వాంతులు రావడం దీని లక్షణం. చేతుల నుంచి చేరే స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా కూడా ఇలాగే చేస్తుంది కాబట్టి పరీక్ష లేకుండా ఇదేనని తేల్చలేం. ఇది ఎప్పుడూ తేలిగ్గా పోతుందనీ అనుకోవద్దు. 2008లో బ్రస్సెల్స్‌లో ఐదు రోజులు బయట ఉన్న స్పాగెట్టీ తిని 20 ఏళ్ల విద్యార్థి చనిపోయాడు.

స్లో కుక్కర్‌లో తప్పేమీ లేదు. వడ్డన అయ్యేదాకా 'వార్మ్' మీద ఉంచండి, వంట 140 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గకూడదు. ఆపిన రెండు గంటల్లోపు లోతు తక్కువ డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పెద్ద గిన్నెతో అలాగే పెడితే మధ్యభాగం చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. మళ్లీ వేడిచేయడం స్టవ్ మీదో మైక్రోవేవ్‌లోనో చేయండి, స్లో కుక్కర్‌లో వద్దు, అది వేడెక్కేలోపే క్రిములు పెరుగుతాయి.

మీవారికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఇంకెప్పుడైనా ఇలా జరిగితే ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. నీళ్లు కూడా నిలవకపోయినా, కళ్లు పచ్చబడినా, మత్తుగా ఉన్నా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అత్తగారికి రెండు వారాలు పాలు మాన్పించి చూడండి, పెరుగు, మజ్జిగ ఇవ్వచ్చు. అప్పటికీ విరేచనాలు ఆగకపోయినా, రక్తం పడినా, బరువు తగ్గినా అక్కడే డాక్టరుకు చూపించండి, ఇండియా వెళ్లేదాకా ఆగొద్దు.