ఊరి అంచున కొత్త ఇళ్లు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఊరి పొలిమేరలో కొత్త కాలనీ ప్రతిపాదన వచ్చినప్పుడు ఏం చూడాలి, ఎవరిని ఏం అడగాలి అని కొంతకాలంగా ఈ శీర్షికకు ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో నాలుగింటిని ఈ సంచికలో తీసుకున్నాం.

ప్రశ్న: మా ఊరికి ఎగువనున్న ఎనిమిది హెక్టార్ల సాగు భూమిలో సుమారు 300 ఇళ్లు కడతారట. మా ఇళ్లు దిగువన పల్లంలో ఉన్నాయి. వాననీరు మామీదికి వస్తుందేమోనని సమావేశంలో అడిగితే ‘కాలువలు కడతాం, భయం లేదు’ అన్నారు. ఆ మాటను పరీక్షించేదెలా?

జవాబు: మీ భయం సహేతుకమైనది. అంతకంటే ముఖ్యంగా, అది లెక్కకు అందే భయం. కాబట్టి దానికి సమాధానం కూడా లెక్కలోనే రావాలని మీరు పట్టుబట్టవచ్చు.

ఒక చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరవుతుంది. ఎనిమిది హెక్టార్లంటే 80,000 చదరపు మీటర్లు. ఒక పెద్దవానలో 50 మిల్లీమీటర్లు కురిస్తే ఆ నేలమీద పడే నీరు 40 లక్షల లీటర్లు. ఇప్పుడు పైరున్న పొలం ఇందులో పావువంతును బయటికి వదులుతున్నదనుకుంటే దిగువకు వచ్చేది 10 లక్షల లీటర్లు. అదే చోట ఇంటి కప్పులు, రోడ్లు, సిమెంటు వాకిళ్లు పరుచుకున్నాక నూటికి 60 వంతులు జారిపోతే వచ్చేది 24 లక్షల లీటర్లు. మీ నేల రకాన్ని, వాలును బట్టి ఈ వంతులు మారతాయి గాని, లెక్క నడిచే తీరు మారదు. వాన తీవ్రతను, నేల విస్తీర్ణాన్ని, ఎంత వంతు జారిపోతుందో చెప్పే గుణకాన్ని కలిపి హెచ్చవేసే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలోని రోచెస్టర్ నగరపు మురుగు కాలువల విషయంలో ఎమిల్ కుయిచ్లింగ్ అనే ఇంజనీరు 1889లోనే దీన్ని ప్రకటించాడు. చిన్న విస్తీర్ణాలకు ఇంజనీర్లు నేటికీ దీన్ని వాడుతున్నారు. అందువల్ల ఆ లెక్క తమ దగ్గర లేదని ప్రతిపాదకులు చెబితే, ఆ ప్రతిపాదన ఇంకా పూర్తికాలేదని అర్థం.

నీటి పరిమాణం కంటే ప్రమాదకరమైనది దాని వేగం. పొలంలో గట్లు, గడ్డి, దుక్కి గరుకు నీటిని అడుగడుగునా ఆపుతాయి. సాఫీగా కట్టిన కాలువ మాత్రం ఆ నీటినంతా తక్కువ సమయంలో ఒకేచోట కుమ్మరిస్తుంది. కాబట్టి ‘కాలువలు కడతాం’ అన్న మాట మీ సమస్యకు పరిష్కారం కాకపోగా, ఆ కాలువలు ఎక్కడ ముగుస్తాయో తెలియనంతవరకు సమస్యలో భాగమే. పటంలో కాలనీ సరిహద్దు గీత దగ్గర ఆగిపోయే కాలువను వేలితో చూపించి, అక్కడినుంచి నీరు ఏ తూము గుండా, ఏ వాగులోకి, ఎవరి నేలమీదుగా పోతుందో అడగండి. పాత తూము సామర్థ్యాన్ని కొత్త ప్రవాహంతో పోల్చి చూశారా అని కూడా అడగండి.

ఆ తర్వాత, ఏ వానకు లెక్క కట్టారో తెలుసుకోవాలి. పదేళ్లకొకసారి వచ్చే వానకా, నూరేళ్లకొకసారి వచ్చే వానకా? ఈ మాటలు చాలామందిని పొరబాటు పట్టిస్తాయి. నూరేళ్ల వాన అంటే నూరేళ్లదాకా రాదని కాదు, ఏ ఏడాదిలోనైనా అది వచ్చే అవకాశం నూటికి ఒక వంతని. ఆ లెక్కన 30 ఏళ్లలో అది ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26 వంతులు. ఇల్లు కట్టుకుని, పిల్లలను పెంచి పెద్దచేసే కాలంలో ఇది తీసిపారేయదగిన అవకాశం కాదు.

సరైన పరిష్కారం ఉంది. కాలనీ లోపలే నీటిని నిలిపే పల్లాలు, కుంటలు ఏర్పరచి, నేల ఇంకించుకోగలిగినంత ఇంకించి, మిగిలినదాన్ని ఇప్పుడు పొలం నుంచి వస్తున్న వేగానికి మించకుండా సన్నని తూము ద్వారా వదలడమే ఆ పరిష్కారం. అయితే ఆ కుంటలో పూడిక తీసేదెవరు, అందుకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అన్నది రాతలో లేకపోతే కొన్నేళ్లకే అది మట్టితో నిండి పనికిరాకుండా పోతుంది. ఈ ఒక్క అంశంపై ఎంత గట్టిగా మాట్లాడినా తప్పులేదు. ఇంకొక మాట: ఇళ్లు పూర్తికాకముందే, పైమట్టి తీసి నేలను చదును చేసిన తొలి వానాకాలంలోనే, ఒండ్రు దిగువకు కొట్టుకువచ్చి కాలువలను మూసివేయవచ్చు. కాబట్టి నీటిని ఆపే కుంటను మొదట తవ్వాలని, ఇళ్ల పని ఆ తర్వాతే మొదలవ్వాలని షరతు కోరండి.

ప్రశ్న: కొత్త ఇళ్లకు మురుగు పైపు ఉండదని, ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు కడతారని విన్నాం. మా ఊళ్లో ఇప్పటికీ బావినీరే తాగుతాం. నీళ్లు మరగబెట్టుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి గాని నైట్రేటు పోదు. కొంత నీరు ఆవిరైపోవడం వల్ల మిగిలిన నీటిలో దాని సాంద్రత ఇంకొంచెం పెరుగుతుంది కూడా. సెప్టిక్ ట్యాంకు మురుగును పూర్తిగా శుద్ధి చేయదు. గట్టిపదార్థాన్ని అడుగుకు చేర్చి, మిగిలిన నీటిని నేలలోకి వదులుతుంది. అసలు శుద్ధి జరగవలసింది ఆ నేలలోనే. ఆ మురుగునీటిలోని అమ్మోనియా మట్టిలో నైట్రేటుగా మారి నీటితోపాటు భూగర్భంలోకి దిగుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 50 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం చెబుతోంది. ఆ హద్దు దాటిన నీటితో పాలు కలిపి పట్టిస్తే నెలల పసికందుల రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితి ఏర్పడవచ్చు.

ఇక పరిమాణం చూడండి. 300 ఇళ్లలో ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 150 లీటర్ల చొప్పున వాడితే 1,80,000 లీటర్లు. అందులో నూటికి 80 వంతులు మురుగుగా మారినా రోజుకు 1,44,000 లీటర్లు. ఒకటి రెండు ఇళ్ల మురుగును ఇముడ్చుకునే నేల, ఇంతటి భారాన్ని ఏడాది పొడుగునా మోస్తుందని ఊహించుకోవడం సాహసం. నా అభిప్రాయంలో ఇన్ని ఇళ్లు దగ్గరదగ్గరగా వచ్చే చోట విడివిడి ట్యాంకులను ఒప్పుకోకూడదు. అందరికీ కలిపి శుద్ధి కేంద్రం గాని, ఉన్న మురుగు వ్యవస్థతో కలిపే పైపు గాని ఉండితీరాలి.

నేల ఇంకుడు పరీక్ష జరిగిందంటే అది ఏ నెలలో జరిగిందో అడగండి. గుంత తవ్వి, నీళ్లు పోసి, మట్టం ఎంత సేపట్లో ఎంత దిగిందో చూసే ఆ పరీక్షను ఎండిన నేలలో చేస్తే ఫలితం బాగానే వస్తుంది. నేల బాగా తడిసి, భూగర్భజలం పైకి వచ్చిన కాలంలో చేసినదే నమ్మదగినది. ప్రతిపాదన తేలకముందే మీ బావుల నీటిని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఆ నివేదికలు దాచుకోండి. రేపు నీరు చెడితే, నిన్నటి నీరు ఎలా ఉండేదో చెప్పే ఆధారం మీ దగ్గర ఉండాలి.

ప్రశ్న: నేను ఇదే ఊళ్లో పుట్టి పెరిగాను. పెళ్లయ్యాక వేరుగా ఉండటానికి ఊళ్లో ఒక్క ఇల్లూ దొరకడం లేదు. కొత్త ఇళ్లు కావాలని అన్నందుకు ఊరికి ద్రోహం చేస్తున్నట్టు మాట్లాడుతున్నారు. నా కోరిక తప్పా?

జవాబు: ఏమాత్రం కాదు. ఇల్లు దొరక్క యువకులు వెళ్లిపోయే ఊళ్లో బడిలో పిల్లలు తగ్గుతారు, ముసలివారికి తోడుండేవారు తగ్గుతారు. అదీ ఊరికి నష్టమే. మీలాంటివారు నోరు మూసుకుంటే చర్చ ‘కావాలి, వద్దు’ అనే రెండు ముక్కల దగ్గరే ఆగిపోతుంది. అయితే మీరు అడగవలసింది మరొకటి ఉంది: ఆ 300 ఇళ్లలో మీరు కొనగలిగినవి, అద్దెకు ఉండగలిగినవి ఎన్ని? ఇళ్లన్నీ పెద్దవే అయితే, సొమ్ము పెట్టుబడిగా కొని తాళం వేసి వెళ్లేవారికే అమ్ముడుపోతే, పొలమూ పోతుంది, మీకు చోటూ దొరకదు. చిన్న ఇళ్లు ఎన్ని ఉండాలో, అవి ఏ దశలో పూర్తికావాలో అనుమతి షరతుల్లోనే రాయించమని కోరండి. కొత్తవీధుల నుంచి పాత ఊరిలోకి నడిచి వచ్చే దారి ఉందో లేదో కూడా పటంలో చూడండి. ఒకే గేటుతో, చుట్టూ గోడతో కట్టిన కాలనీ ఊరి పక్కన ఉంటుందే తప్ప ఊరిలో కలవదు.

ప్రశ్న: ఇప్పుడు చూపిస్తున్నది ‘మొదటి దశ’ మాత్రమేనట. పార్కు, బడి, రోడ్డు వెడల్పు అన్నీ తర్వాతి దశల్లో వస్తాయంటున్నారు. నమ్మవచ్చా? అభ్యంతరం ఎప్పుడు చెప్పాలి?

జవాబు: మాటను నమ్మనక్కరలేదు, షరతును నమ్మవచ్చు. ‘తర్వాత’ అన్న మాటకు బదులు ‘యాభయ్యో ఇంట్లో మనుషులు చేరకముందే రోడ్డు పని పూర్తికావాలి’ అన్నట్టు ఒక సంఖ్య, ఒక మెట్టు ఉండాలి. పని జరగకపోతే ఊరికి చెందేలా ముందుగా ధరావతు కట్టించుకోవాలి. పెద్ద పథకాన్ని ముక్కలుగా చూపిస్తే ఏ ముక్కకు ఆ ముక్క ప్రభావం చిన్నదిగానే కనిపిస్తుంది. అందుకే అన్ని దశలూ కలిసిన పటాన్ని, అన్నిటికీ కలిపిన నీటి, రోడ్డు లెక్కలను ఇవ్వనిదే మొదటి దశ గురించి కూడా అభిప్రాయం చెప్పలేమని రాతపూర్వకంగా తెలపండి.

ఎప్పుడన్న ప్రశ్నకు సమాధానం ఒకటే: ఇప్పుడే. పర్యావరణ విషయాల్లో సమాచారం పొందే, నిర్ణయాల్లో పాలుపంచుకునే అవకాశం ప్రతి వ్యక్తికీ ఉండాలని 1992లో రియో డి జనీరోలో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు వెలువరించిన రియో ప్రకటన పదో సూత్రం చెప్పింది. 1998లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో కుదిరిన ఒడంబడిక ఇంకొక అడుగు ముందుకు వేసి, ప్రత్యామ్నాయాలన్నీ ఇంకా తెరిచి ఉన్న తొలిదశలోనే ప్రజలను భాగస్వాములను చేయాలంది. మీ దేశం అందులో సభ్యదేశమైనా కాకపోయినా ఆ సూత్రంలోని ఔచిత్యాన్ని ఎవరూ కాదనలేరు. అనుమతి వచ్చాక పెట్టే వంద సంతకాలకంటే, పటం ఇంకా పెన్సిలు గీతల్లో ఉండగా ఇచ్చిన ఒక్క వివరమైన ఉత్తరానికి ఫలితం ఎక్కువ. ఆ ఉత్తరంలో ‘మాకు ఇష్టం లేదు’ అన్న వాక్యంతో సరిపెట్టకండి. వానాకాలంలో నీరు నిలిచే చోట్ల ఫొటోలు తేదీలతో సహా జతచేయండి. ఉదయం బడివేళకు కూడలిలో గంటసేపు నిలబడి వాహనాలను లెక్కపెట్టి ఆ అంకెలు రాయండి. ఉత్తరం అందినట్టు తేదీ, సంతకంతో రసీదు తీసుకుని ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.