ఏంజెల్స్ ల్యాండింగ్ ఎక్కబోయే మేనకోడలికి

విశాఖపట్నం

అమ్మలూ,

సెప్టెంబరులో అన్నయ్య దగ్గరికి వెళ్లినప్పుడు యూటాలో జయాన్ నేషనల్ పార్కు చూస్తారని, ఏంజెల్స్ ల్యాండింగ్ కూడా ఎక్కుతారని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఆ కొండ నేను ఎక్కాను కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా.

దారిలో స్కౌట్ లుకౌట్ అనే చోటు దాకా ఎవరైనా నడవొచ్చు. అక్కడి నుంచి గొలుసులు పట్టుకుని ఎక్కే చివరి అర మైలుకే పర్మిట్ కావాలి. 2022 ఏప్రిల్ నుంచి లాటరీ తీసి ఇస్తున్నారు. లాటరీ తగిలింది కదా అని ఎక్కేయకు. లుకౌట్ దగ్గర కాసేపు కూర్చుని ముందున్న రాతి అంచును బాగా చూడు. కొన్నిచోట్ల నడిచే జాగా కొన్ని అడుగులే, పక్కన వెయ్యి అడుగుల లోయ. గుండె దడ తగ్గకపోతే అక్కడే ఉండిపో. ఆ మాట అన్నయ్యతో ఇంట్లోనే అనేసెయ్. పైకి వెళ్లాక చెప్పాలంటే మొహమాటం అడ్డొస్తుంది. మొహమాటానికి పోయి ఎక్కుతున్నవాళ్లను చూస్తేనే నాకు భయం వేసింది.

ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ అదే గొలుసు. ఎదురొచ్చేవాళ్లకి దారి ఇవ్వాలంటే కాస్త వెడల్పున్న చోట, కొండ వైపు ఆగు. వాళ్లు ఎంత తొందరపెట్టినా గొలుసు వదిలి అంచు వైపు జరగకు. రాయి నున్నగా ఉంటుంది, దాని మీద సన్నటి పొడి ఇసుక. బూటు జారేది ఆ ఇసుక మీదే. పాదం మొత్తం ఆనించి, పట్టు దొరికిందని తెలిశాకే బరువు వెయ్యి. దిగేటప్పుడు నిటారుగా ఉన్నచోట రాతి వైపు తిరిగి, రెండు చేతులతో గొలుసు పట్టుకుని, ఒక కాలు కిందకి వదిలి మెట్టు తగిలిందో లేదో చూసుకో. ఫోన్ బ్యాగులోనే ఉండాలి. ఫొటోలు పైకెళ్లి కూర్చున్నాక తీసుకోవచ్చు.

రానూపోనూ 5.4 మైళ్లే, అంటే తొమ్మిది కిలోమీటర్లకి కాస్త తక్కువ. మొన్న ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచినదానివి, దూరం నీకు లెక్క కాదు. కానీ ఇక్కడ దాదాపు 1,500 అడుగుల ఎత్తు ఎక్కాలి. లుకౌట్‌కి ముందు వాల్టర్స్ విగిల్స్ అని 1926లో కట్టిన 21 మలుపులుంటాయి. అక్కడ కుర్రాళ్లతో పోటీ పడకు, సత్తువంతా గొలుసుల దగ్గర కావాలి. బయల్దేరేలోపు ఆదివారాలు కొండ కింది తొలిపావంచా నుంచి సింహాచలం మెట్లెక్కు. దిగేటప్పుడు కూడా బస్సెక్కకుండా నడిచే రా. మోకాళ్లకి అసలు పరీక్ష దిగడమే.

నీళ్ల విషయంలో మన వైజాగ్ అలవాటు అక్కడ పనికిరాదు. ఇక్కడ చొక్కా తడిస్తే దాహం గుర్తొస్తుంది. అక్కడి పొడి గాలికి చెమట పట్టినట్టే తెలియదు, ఒళ్లు మాత్రం ఎండిపోతుంది. దాహం వేసినా వేయకపోయినా తాగుతూ ఉండు. దారిలో నీళ్లు దొరకవు, కింద నడక మొదలయ్యే గ్రాటో అనే చోటే సీసాలన్నీ నింపుకోండి. కాస్త ఉప్పగా ఉండేవి తినడానికి పెట్టుకో, జంతికలైనా సరే.

జూలై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి. తడి రాయి, ఇనుప గొలుసు, పిడుగు. మబ్బు కమ్మితే ఎంత దూరం ఎక్కినా వెనక్కి తిరగాల్సిందే. ఉదయం తొమ్మిదిలోపు బయల్దేరే పర్మిట్‌కి ప్రయత్నించమని అన్నయ్యకి చెప్పు.

నీ బూట్ల అడుగు భాగం ఫొటో తీసి రేపు పంపు. అరిగి ఉంటే ఇప్పుడే కొత్తవి కొందాం, వెళ్లేలోపు కాళ్లకి అలవాటవుతాయి.

ఆశీస్సులతో,
మామయ్య