ఆ పిల్లతో స్నేహం ఎలా మాన్పించాలి?

"మా అమ్మాయికి 14 ఏళ్లు. నిరుటి దాకా స్కూలు నుంచి రాగానే జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేది. తల్లీకూతుళ్లలా కాదు, స్నేహితుల్లా ఉండేవాళ్లం. ఈ ఏడు కొత్తగా చేరిన ఒక పిల్లతో జట్టుకట్టింది. ఆ పిల్లవి అత్తెసరు మార్కులు. ఎప్పుడూ ఫోన్లో గుసగుసలే. నేను గదిలోకి వెళితే ఆపేస్తుంది. అనుమానమొచ్చి, అది నిద్రపోయాక ఫోన్ చూశాను. తప్పు మాటలేవీ లేవు గానీ, 'మా అమ్మకు ఏదీ చెప్పలేం' అని రాసుంది. రాత్రంతా ఏడ్చాను. మావారు నవ్వి ఊరుకున్నారు. ఆ స్నేహం ఎలా మాన్పించాలి?" – ఒక తల్లి

మాన్పించకండి. ఆ ప్రశ్నకు నా జవాబు అంతే. ఆ పిల్ల మార్కులతో మీకేం పని?

చిన్నప్పుడు పక్కన కూర్చున్నవాళ్లే నేస్తాలు. ఈ వయసుకు వచ్చేసరికి గుట్టు దాచగలిగినవాళ్లు కావాలి, అదీ ఇంటి బయట. మీకు కంటగింపుగా ఉన్న ఆ గుసగుసలతోనే స్నేహం ముదురుతుంది. పరిచయం కాస్తా మామూలు స్నేహం కావడానికి దాదాపు 50 గంటలు, గాఢ స్నేహం కావడానికి 200 గంటల పైన కలిసి గడపాలని కాన్సాస్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ హాల్ 2018లో లెక్క తేల్చారు. అది పెద్దవాళ్ల మీదా, కాలేజీ పిల్లల మీదా వేసిన లెక్కే. అయినా మీ అమ్మాయి పొద్దుపోని కబుర్లతో కూడబెడుతున్నది ఆ గంటలనే. రేపు ఇద్దరూ పోట్లాడుకోవచ్చు, ఏడాది తిరిగేసరికి విడిపోనూవచ్చు. ఈ వయసులో అది మామూలే. అప్పుడు కూడా మధ్యలో దూరి ఆ పిల్ల తల్లికి ఫోన్ చేయకండి. అలగడం, మళ్లీ కలవడం మన పిల్ల తనంతట తానే నేర్చుకోవాలి.

ఇక మీ సంగతి. ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మీ స్నేహితురాలి ఊసు ఒక్కటీ లేదు. భర్త గురించి ఒకే వాక్యం. కబుర్లు చెప్పుకోవడానికి మీకున్న ఒకే మనిషి ఆ పద్నాలుగేళ్ల పిల్ల. ఇప్పుడు ఆమెకు వేరే తోడు దొరికింది, మీకు లేదు. రాత్రంతా ఏడ్చింది అందుకేనమ్మా.

'మేం స్నేహితుల్లా ఉంటాం' అని తల్లులు మురిసిపోవడం నాకు మొదటి నుంచీ గిట్టదు. స్నేహితురాలితో పడకపోతే కటీఫ్ చెప్పేయొచ్చు. తల్లికి చెప్పగలదా? మీరు తల్లిగానే ఉండండి. ఫోన్ చూశానని మీరే చెప్పి, తప్పయిందని ఒప్పుకోండి. తల్లి కూతురికి క్షమాపణ చెప్పడమేమిటంటారేమో. దొంగచాటుగా చదివినప్పుడు లేని చిన్నతనం చెప్పడానికి ఎందుకు? ఆమె కోప్పడుతుంది, పడనివ్వండి.

మీవారి దగ్గర పిల్ల మీద ఫిర్యాదు చేశారు కాబట్టి ఆయన నవ్వారు. ఈసారి పిల్ల ప్రస్తావన తేకుండా, 'ఇంట్లో నాకు మాట్లాడే దిక్కు లేదు' అని చెప్పి చూడండి. అప్పుడూ నవ్వితే నాకు మళ్లీ రాయండి.